పెద్ద ట్యాంకుకు సంపా, కానిస్టరా?

నాలుగడుగులు దాటిన చేపల ట్యాంకు పెట్టాలనుకునే వాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. "ఖర్చు తక్కువలో ఏ ఫిల్టర్ పెట్టమంటారు?" మొన్న మా తమ్ముడూ అదే అడిగాడు. వాడికి ఫోన్లో చెప్పిందే కాస్త వివరంగా రాస్తున్నాను.

విజయవాడలో మా ఇంట్లో ఉన్న ట్యాంకు 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. లెక్క ప్రకారం 566 లీటర్లు. రాళ్లూ, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 500. అందులో రెండు ఆస్కార్లు, ఆరు సిల్వర్ డాలర్లు. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది. తిండీ ఎక్కువే, చేసే మలినమూ ఎక్కువే.

ఫిల్టర్ కొనేవాళ్లు డబ్బా మీద గంటకు ఎన్ని లీటర్లని రాశారో చూస్తారు. నేను ముందు చూసేది అది కాదు. కరెంటు పోతే ఈ ఫిల్టర్ ఏమవుతుంది? మన ఊళ్లలో నా మటుకు తేల్చేది ఇదే.

మొదట నేను కానిస్టరే (ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టర్) పెట్టాను. రెండేళ్ల కిందట మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. తొమ్మిదింటికి పోయిన కరెంటు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. పంపు తిరగడం మొదలయ్యాక గొట్టంలోంచి ముదురు గోధుమరంగు నీళ్లు ట్యాంకులోకి దిగాయి. కుళ్లిన గుడ్ల వాసన హాలంతా నిండింది. అరగంటలో పెద్ద ఆస్కార్ పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. కానిస్టర్ ఆపేసి, సగం నీళ్లు తోడి కొత్తవి పోసి, ఎయిర్ పంపు పెట్టి దాన్ని దక్కించుకున్నాం.

అది కంపెనీ లోపం కాదు. కానిస్టర్ మూత బిగించిన డబ్బా. నీళ్లు కదిలినంతసేపే లోపల మలినాన్ని విడగొట్టే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందుతుంది. కదలిక ఆగితే ఉన్న కాస్తా గంటల్లో అయిపోతుంది, ఆ తర్వాత లోపల పేరుకున్న మురికి కుళ్లడం మొదలవుతుంది. ఎండాకాలంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే.

సంపు అంటే ట్యాంకు కింద స్టాండులో పెట్టే ఇంకో గాజు పెట్టె. పైనుంచి నీళ్లు దానిలోకి పడతాయి, స్పాంజి, రింగుల (వీటినే మీడియా అంటారు, బ్యాక్టీరియా ఉండేది వీటి మీదే) మీదుగా వెళ్లి పంపుతో మళ్లీ పైకొస్తాయి. పైభాగం తెరిచే ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా మీడియాకు గాలి కొంత తగులుతూనే ఉంటుంది.

అయితే సంపుకూ కరెంటు పోయినప్పుడే పరీక్ష. మా ట్యాంకులో మట్టం ఒక్క అంగుళం తగ్గిందంటే దాదాపు 24 లీటర్లు కిందికి వచ్చినట్టు. నీళ్లు పైకి తెచ్చే పైపు మూతి 4 అంగుళాల లోతున ఉందనుకోండి, పంపు ఆగగానే అదే పైపు సైఫన్‌లా పనిచేసి 90 లీటర్లకు పైగా కిందికి లాగేస్తుంది. సంపు పొంగి హాలు చెరువవుతుంది. దీనికి మందు ఖర్చు లేనిది. మట్టానికి అర అంగుళం కింద ఆ పైపుకు చిన్న రంధ్రం పెడితే చాలు, అక్కడ గాలి దూరగానే సైఫన్ తెగిపోతుంది. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. పాచి పేరుకుంటే అది మూసుకోదు.

మా సంపు 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 18 అంగుళాల ఎత్తు. నడిచేటప్పుడు మట్టం 9 అంగుళాలు. పంపు ఆపితే 14కు వచ్చి ఆగుతుంది. ఈ రెండు మట్టాల దగ్గరా మార్కర్‌తో గీతలు గీశాను. నెలకోసారి కావాలనే స్విచ్ ఆపి, నీళ్లు పై గీత దాటుతున్నాయేమో చూస్తాను.

ఖర్చు సంగతి. గాజు పెట్టె, పీవీసీ పైపులు, పంపు, మీడియా కలిపినా ఆ సైజుకు సరిపడే కానిస్టర్ ధర కాలేదు. మీడియాలో సగం గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచే. సబ్బు పట్టించనిది, స్టీలు కానిది తీసుకోవాలి. బీరపీచు మాత్రం వద్దు, నీళ్లలో కుళ్లిపోతుంది. పంపు 40 వాట్లది, రోజుకు యూనిట్ లోపే, నెలకు 29 యూనిట్లు. డబ్బా మీద గంటకు 3000 లీటర్లని ఉన్నా నాలుగున్నర అడుగులు ఎక్కించేసరికి బాగా తగ్గుతుంది, కాబట్టి కాస్త పెద్దదే కొనండి. ఎండాకాలం నీళ్లు ఆవిరైన కొరతంతా సంపులో పంపు ఉండే గదిలోనే కనిపిస్తుంది. పట్టించుకోకపోతే పంపు ఎండి కాలిపోతుంది.

కానిస్టర్‌కూ న్యాయం చెప్పాలి. చప్పుడు ఉండదు, చోటు తక్కువ పడుతుంది. మొక్కల ట్యాంకుకైతే అదే మేలు, సంపులో పడే నీళ్ల తాకిడికి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. పంపును ఇన్వర్టర్ మీద పెట్టుకోగలిగితే నా అభ్యంతరం చాలావరకు తీరినట్టే.

పైన పెట్టే ట్రే ఫిల్టర్ మూడు, నాలుగడుగుల ట్యాంకుకు బాగానే పనిచేస్తుంది. వెనక తగిలించేవి ఈ సైజుకు ఆనవు. ఇసుక కింద పెట్టేవి ఆస్కార్ తవ్వకానికి నిలవవు.

సంపు పెట్టాలనుకుంటే ట్యాంకు చేయించేటప్పుడే గాజుకు రంధ్రం పెట్టించండి. టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజుకు తర్వాత డ్రిల్ పెడితే ముక్కలైపోతుంది. అలాంటి ట్యాంకు ఇప్పటికే ఇంట్లో ఉంటే, రెండు పెద్ద స్పాంజి ఫిల్టర్లూ బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపూ పెట్టి, వాటికి ట్రే ఫిల్టర్ జతచేయమంటాను. మా తమ్ముడి పరిస్థితి అదే, వాడికి అదే చెప్పాను.

ఏది మార్చినా, కొత్తదానిలో బ్యాక్టీరియా పెరిగేదాకా పాత ఫిల్టర్‌ను తీసేయొద్దు. నేను సంపు మొదలుపెట్టాక కూడా కానిస్టర్‌ను ఆరు వారాలు పక్కనే నడిపాను. ఆపిన రోజు దానిలోని రింగులను కుళాయి కింద కాకుండా ట్యాంకు నీళ్ల బకెట్లోనే జాడించి సంపులో వేశాను.