ఫైల్ పేరుకు ఎన్‌కోడ్‌యూఆర్‌ఐ వాడాలా, ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపొనెంట్ వాడాలా?

మా సెట్‌టాప్ బాక్స్‌కి బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ ఒకటుంది. అందులో "వార్తలు 3" రికార్డింగ్ నొక్కితే చక్కగా ప్లే అవుతుంది. "వార్తలు & విశేషాలు #3" నొక్కితే మాత్రం ఫైల్ దొరకలేదంటుంది. తెలుగు అక్షరాలతో, ఖాళీతో పేచీ లేదన్నమాట. దొంగ & దగ్గరో # దగ్గరో ఉన్నాడు.

పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తీసి చూస్తే, రికార్డింగ్ పేరును లింకు చిరునామాలో పెట్టేముందు జావాస్క్రిప్ట్‌లో ఎన్‌కోడ్‌యూఆర్‌ఐ వాడారు. చిరునామాలో నేరుగా ఇమడని అక్షరాలను % కోడ్‌లుగా మార్చడమే ఎన్‌కోడ్ చేయడం; ఇది మొత్తం చిరునామా కోసం పుట్టిన ఫంక్షన్. ఖాళీని %20 చేస్తుంది, తెలుగునూ మారుస్తుంది. కానీ &, #, ?, =, +, / జోలికి పోదు; అవి చిరునామాకు కీళ్లు మరి. దాంతో & రాగానే బాక్స్ "పేరు అయిపోయింది, ఇంకో పారామీటర్ (చిరునామాలో పంపే మరో విలువ) మొదలైంది" అనుకుంటుంది. # తర్వాతి ముక్కయితే బ్రౌజర్ గడపే దాటదు, బాక్స్ దాకా ఎక్కడొస్తుంది!

ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపొనెంట్ వాటినీ వదలదు: & కాస్తా %26, # కాస్తా %23. పేరు ముక్కకి నా ఓటు దీనికే. అలాగని మొత్తం చిరునామాకు చుట్టేశారో, అందులోని : / కూడా మారిపోయి లింకు పనికిరాకుండా పోతుంది.

రెండూ వేస్తే ఇంకా భద్రం కదా అని నేనూ ఒకసారి అనుకున్నాను. లోపలి % మళ్లీ %25 అయి, %20 ఉన్నచోట %2520 తేలింది. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచినప్పుడు ఈ 2520 కనబడితే ఎక్కడో రెండుసార్లు ఎన్‌కోడ్ అవుతున్నట్టే.

పేరులో + ఉంటే మరో తిరకాసు: ఎన్‌కోడ్‌యూఆర్‌ఐ దాన్ని అలాగే పంపుతుంది, చాలా సర్వర్లు దాన్ని ఖాళీగా చదువుతాయి.