ఒహాయో నది ఒడ్డున రెండు పాత ఇళ్లు, ఒక లిఫ్ట్ లేని మోటెల్

అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కి, మా ఇంటికి వచ్చి రెండు నెలలైంది. నయాగరా అయిపోయింది, న్యూయార్క్ అయిపోయింది, ఇంక ఈ వీకెండ్ ఎక్కడికి తీసుకెళ్దామా అని చూస్తుంటే మా ఆయన మారియెటా అనే ఊరి పేరు చెప్పారు, రెండు గంటల డ్రైవే కదా అని. అక్కడ నది ఉందా అని నాన్న ఒక్కటే అడిగారు. ఒకటి కాదు నాన్నా రెండున్నాయి, మస్కింగం వచ్చి ఒహాయోలో కలిసేది అక్కడే అంటే వెంటనే చెప్పులేసుకున్నారు.

1788 ఏప్రిల్ 7న రూఫస్ పుట్నం నాయకత్వంలో 48 మంది ఊరు కట్టుకోవడానికి పడవల్లో వచ్చి దిగింది ఆ సంగమం దగ్గరే. వాళ్లు కట్టుకున్న కోట పేరు క్యాంపస్ మార్షియస్, అందులో ఇప్పటికి మిగిలింది పుట్నం ఇల్లొక్కటే. దాన్ని జరపకుండా ఉన్నచోటే ఉంచి చుట్టూ మ్యూజియం కట్టేశారు. లోపలికెళ్లి ఒక తలుపు దాటగానే హాల్లో నిలువెత్తు చెక్క ఇల్లు కనిపిస్తుంది, మా బుడ్డోడు "ఇంట్లో ఇల్లేంటమ్మా" అని అక్కడే ఆగిపోయాడు. గుండ్రటి దుంగలు పేర్చిన గుడిసె ఉంటుందనుకున్నా, కాదు, నాలుగంగుళాల మందం పలకలు ఒకదానిమీద ఒకటి, గోడే కోటగోడ అన్నమాట. గదులు చిన్నవి, వెలుతురు తక్కువ. వంటగదిలో అంతా పొయ్యిదే రాజ్యం, అమ్మ దాని ముందు వంగి చూసి "నలుగురికి వండేసరికి మొహం మాడిపోదూ" అంది. పుట్నం భార్య పెర్సిస్, పిల్లలు 1790లో వచ్చారట, ఆ తర్వాత అయిదేళ్లు ఇక్కడి నేటివ్ అమెరికన్ తెగలతో యుద్ధం. అవి వాళ్ల నేలలే కదా మరి, ఊరికే వదిలేస్తారా. 1795లో ఆ తెగలతో గ్రీన్‌విల్ ఒప్పందం కుదిరాక కోట విప్పేసి, ఆ కలపతోనే పుట్నం ఇంకొన్ని గదులు వేసుకున్నాడు. ఆ నలుపెక్కిన పలకల్ని చూస్తూ నేనైతే గంట ఉండిపోయాను, మావాళ్లు బయట బెంచీ మీద పులిహోర తినేశారు.

మర్నాడు ఒహాయో నది మధ్యలో ఉన్న బ్లెనర్‌హాసెట్ ఐలాండ్, అక్కడే రెండో ఇల్లు. నది దాటి వెస్ట్ వర్జీనియా వైపు పార్కర్స్‌బర్గ్ వెళ్లి అక్కడ పాతకాలం మోడల్ పడవ, అదే వెనకాల పెద్ద చక్రం తిరిగేది, అదెక్కాలి. పడవ టికెట్ వేరు, ఇంటి టూర్ టికెట్ వేరు, గుర్రబ్బండి ఇంకో టికెట్, నలుగురైదుగురు వెళ్తే బాగానే అవుతుంది. తెల్లటి మేడ, రెండు పక్కలా చేతులు చాచినట్టు వంపు వరండాలు, ఫొటోలకి అదిరిపోతుంది. కానీ అసలు ఇల్లు 1811లోనే కాలిపోయింది, 1973లో తవ్వితే పునాదులు దొరికాయి, వాటి మీద మళ్లీ కట్టిందే మనం చూసేది. కథ మాత్రం సినిమాకి సరిపోతుంది: ఐర్లండ్ జమీందారు హార్మన్ బ్లెనర్‌హాసెట్, భార్య మార్గరెట్, ఆరన్ బర్ అనే మాజీ వైస్ ప్రెసిడెంట్ మాటలు నమ్మి కుట్రలో ఇరుక్కున్నారు, 1806 డిసెంబర్‌లో సైనికులు వచ్చి ఇల్లంతా దోచి చిందరవందర చేశారు.

అసలు వీళ్లు ఐర్లండ్ వదిలి ఎందుకొచ్చారో గైడ్ కాస్త గొంతు తగ్గించి చెప్పింది, మార్గరెట్ హార్మన్‌కి సొంత మేనకోడలట. నేను తెలుగులో చెప్పగానే అమ్మ "అంతేనా? మా అమ్మమ్మని మేనమామకే ఇచ్చారుగా, దానికి దేశం వదిలెళ్లాలా" అంది, గైడ్‌కి ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు పాపం. ఇంకో సంగతి, ఒహాయో వైపు 1787 చట్టంతోనే బానిసత్వం నిషేధం, ఈ ద్వీపం అప్పట్లో వర్జీనియా కాబట్టి ఈ మేడలో బానిసలు పనిచేసేవాళ్లు. మధ్యలో ఉన్నది ఒక పాయ, ఈదుకెళ్లేంత దూరం.

ఒక్కరోజే ఉంటే నేను పుట్నం ఇంటికే ఓటేస్తా. నాన్న ఓటు పడవకి, "గోదారంత లేదులే గానీ బానే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చారు. ద్వీపం చలికాలం మూసేస్తారు, మ్యూజియం కూడా అన్ని రోజులూ ఉండదు, ముందే చూసుకోండి.

స్టే సంగతి అడక్కండి. హైవే పక్కన మోటెల్, అమ్మకి మోకాళ్ల నొప్పులు గ్రౌండ్ ఫ్లోర్ కావాలని బుక్ చేసేటప్పుడే రాశాను, వెళ్లాక రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు, రూమ్‌లో ఉందన్న మైక్రోవేవ్ కింద లాబీలో ఉంది. గదులు శుభ్రంగానే ఉన్నాయి, అది మాత్రం ఒప్పుకోవాలి. పెద్దవాళ్లుంటే డబ్బులు ఎక్కువైనా ఊళ్లో నది పక్కన లఫాయెట్ హోటల్ లాంటి చోట చూసుకోండి, మేం కాఫీకని అటు నడిచాం, సాయంత్రం బార్జీలు వెళ్తుంటే చూస్తూ కూర్చోవచ్చు.

వచ్చేముందు మౌండ్ సెమెటరీకి వెళ్లాం. తెల్లవాళ్లు రాకముందు ఎన్నో వందల ఏళ్ల నాటి మట్టిదిబ్బ, చుట్టూ కందకం, దాన్ని తవ్వి పారేయకుండా చుట్టూ శ్మశానం పెట్టుకున్నారు, పుట్నం సమాధి కూడా అక్కడే. పైకి మెట్లున్నాయి. అమ్మ వాటిని చూసి "మోటెల్లో ఎక్కింది చాలు, మీరు వెళ్లిరండి" అని కిందే చెట్టు నీడలో కూర్చుంది.