సూపర్‌కండక్టర్ కిట్: బిళ్ల బంగారం, పుస్తకం దండగ

హన్మకొండలో మా ఇంటర్ కాలేజీ ల్యాబ్‌కు ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్ ఇది. నల్ల బిళ్ల (ఇదే సూపర్‌కండక్టర్, అంటే బాగా చల్లబరిస్తే కరెంటుకు నిరోధమే లేకుండా పోయే పదార్థం), చిన్న నియోడిమియం అయస్కాంతం, థర్మోకోల్ గిన్నె, ప్లాస్టిక్ చిమ్టా, పల్చటి పుస్తకం. అంతే. ఐదంకెల ధర పెట్టి డబ్బా విప్పితే ప్రాణం ఉసూరుమంటుంది. ద్రవ నైట్రోజన్ మనమే తెచ్చుకోవాలి (పశువుల దవాఖానల్లో ఎద్దు వీర్యం దాచే క్యాన్లలో ఉండేది అదే). మేం గ్యాస్ డీలర్ దగ్గర తెచ్చుకున్నాం.

బిళ్ల మాత్రం అసలు సరుకు. నైట్రోజన్ పోయగానే సలసల మరుగుతుంది. ఆ చప్పుడు ఒక్కసారి ఎగిసి అణిగిందంటే బిళ్ల చల్లబడ్డట్టే. అయస్కాంతాన్ని కాస్త నొక్కి వదిలితే గాల్లో నిలబడింది. వేలితో తడితే గిర్రున తిరిగింది. చిమ్టాతో దాన్ని పైకి లాగితే కింద బిళ్ల కూడా తగలకుండానే వెంట లేచింది. లాస్ట్ బెంచీ మొత్తం టేబుల్ మీద పడ్డది.

పుస్తకం దీన్నంతా మైస్నర్ ప్రభావం అని తేల్చేసింది. 1933లో జర్మన్ శాస్త్రవేత్తలు మైస్నర్, ఆక్సెన్‌ఫెల్డ్ చూసింది లోహం తన లోపలి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేయడం. నెట్టేదే అయితే వెంట ఎందుకు లేస్తది? ఈ బిళ్ల లోహం కాదు. యిట్రియం, బేరియం, రాగిల ఆక్సైడు. క్షేత్రం కొంత లోపలికి దూరి అక్కడే చిక్కుకుంటుంది. పట్టి ఉంచేది అదే.

పుస్తకంలో బొమ్మ ఇంకా ఘోరం. సూపర్‌కండక్టర్ తీగ నడుమ నుంచి కరెంటు పోతున్నట్టు బాణం గీశారు. సీసం లాంటి లోహం సూపర్‌కండక్టర్ అయ్యాక కరెంటంతా పైపొరలోనే పోతుంది. లోపల క్షేత్రం సున్నా, బయట మాత్రం రాగి తీగ చుట్టూ ఉన్నట్టే ఉంటుంది. "నిరోధమే లేకుంటే ఎంత కరెంటైనా పంపొచ్చా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. కుదరదు. ఆ కరెంటు పుట్టించే క్షేత్రమే తీగ ఉపరితలం మీద హద్దు దాటితే సూపర్‌కండక్టివిటీ పోతుంది. 1916లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త సిల్స్‌బీ చెప్పిన సంగతి ఇది. 4.2 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గర మిల్లీమీటరు వ్యాసం సీసపు తీగకు ఆ హద్దు సుమారు 130 ఆంపియర్లు. సెకండియర్ సూత్రంతోనే బోర్డు మీద లెక్క తేలింది. 1911లో పాదరసంలో ఈ గుణం కనిపెట్టిన కామర్లింగ్ ఒన్నెస్, తర్వాత సీసం చుట్టలతో బలమైన అయస్కాంతాలు చేయబోయి ఈ క్షేత్రం హద్దు దగ్గరే ఆగిపోయాడు. ఎంఆర్ఐ యంత్రాల్లో నియోబియం-టైటానియం తీగ చుట్టేది ఎక్కువ క్షేత్రాన్ని తట్టుకుంటుందనే.

కొనేవాళ్లకు ఒక మాట: పనయ్యాక బిళ్లను బాగా ఆరబెట్టి సిలికా జెల్ పొట్లాలతో డబ్బీలో మూత పెట్టండి. తేమకు పాడవుతుంది. పుస్తకంలో ఆ ముక్క కూడా లేదు.

ఐదుకు మూడు. పుస్తకం చూడకుంటే నాలుగు.