1662 నాటి భూస్థాపన క్రమం: శరీరాన్ని మరచిపోని ఆరాధన

ఇంగ్లండు సంఘపు 1662 ప్రార్థన పుస్తకంలోని భూస్థాపన క్రమాన్ని ఏమీ కత్తిరించకుండా జరిపితే, దుఃఖంలో ఉన్న కుటుంబానికి దొరికే ఆదరణ చాలా గొప్పది. చనిపోయిన మనిషి శరీరాన్ని అది పక్కకు నెట్టదు. "ఆత్మ వెళ్లిపోయింది, ఇక్కడున్నది వట్టి మట్టి" అని ఎక్కడా అనదు. సమాధిలోకి దించుతున్న శరీరం లేస్తుందని మొదటి వచనం నుంచీ చెబుతుంది.

గురువు (పాదిరి) శ్మశాన ద్వారం దగ్గర ఎదురొచ్చి, పేటికకు ముందు నడుస్తూ వాక్యాలు చదువుతాడు. మొదటిది యోహాను 11:25-26, తర్వాత యోబు 19:25-27. చర్మం చీకిపోయినా తన కళ్లతోనే దేవుణ్ని చూస్తానన్న యోబు మాట పేటిక వెనక నడిచేవారి చెవిన పడాలి. పడదు, ఎందుకంటే చదివేవారు మోసేవాళ్లకంటే చాలా ముందుకు వెళ్లిపోతారు. నాలుగైదు అడుగుల దూరం దాటకుండా నడిచి, చర్చి గుమ్మం దగ్గర ఆగి చివరి వాక్యం పూర్తి చేస్తే చాలు.

లోపల 39, 90 కీర్తనల్లో ఒకటి గానీ రెండూ గానీ చదవాలి. ఒకటే చదివే వీలుంటే 90 ఎంచుకోండి. 39 నిజాయితీగల ప్రార్థనే, కానీ ముగింపు చీకట్లో ఆగుతుంది.

ఈ క్రమానికి గుండెకాయ పౌలు లేఖలోని పాఠం, 1 కొరింథీ 15:20-58. మొత్తం 39 వచనాలు, నిదానంగా చదివితే ఏడెనిమిది నిమిషాలు. పొడవెక్కువని 26వ వచనంతో ఆపేసి, చివర "ఓ మరణమా, నీ ముల్లెక్కడ?" అతికించేవారున్నారు. అలా చేస్తే సరిగ్గా కావలసిన ముక్కే పోతుంది. మృతులు ఎలా లేస్తారు, ఎలాంటి శరీరంతో వస్తారు అనే ప్రశ్న 35లో ఉంది. పేటిక ముందు కూర్చున్న ప్రతివారి మనసులో ఉన్న ప్రశ్న అదే. జవాబు 42 నుంచి వస్తుంది: క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును, బలహీనమైనదిగా విత్తబడి బలమైనదిగా లేపబడును. నెలల తరబడి మంచాన చిక్కిపోయిన మనిషిని కడిగి, తిప్పి, మందులు వేసినవాళ్లకు ఈ మాట ఎంత అవసరమో ఆలోచించండి. తాము సేవ చేసిన ఆ శరీరానికే మహిమ ఉందని వాళ్లు వినాలి. తప్పనిసరిగా తగ్గించాలంటే 29-34 వదలండి, 35-49 మాత్రం ముట్టుకోకండి.

పాఠం తర్వాత ప్రసంగం పెట్టుకుంటే ఇంకో ప్రమాదం. 2 కొరింథీ 5:1లోని గుడారం మాట తీసుకుని శరీరం ఒట్టి తాత్కాలిక బస అని ముగించేస్తారు. నాలుగో వచనం దాకా వెళ్తే పౌలు కోరేది గుడారం విప్పేసుకోవడం కాదని, దానిమీద నిత్యమైనది ధరించుకోవడమని తెలుస్తుంది.

సమాధి దగ్గర "స్త్రీ కనిన నరుడు" వాక్యాలు పేటికను దించడానికి సిద్ధం చేస్తుండగా చదవాలి. తాళ్లు బయటికి లాగేంతవరకు అప్పగింపు మాటలు, అంటే శరీరాన్ని మట్టికి అప్పగించే మాటలు, మొదలుపెట్టకూడదు. ఈ పుస్తకం తొలి రూపమైన 1549 క్రమంలో మన్ను వేసేది గురువు. 1552 సవరణ నుంచి ఆ పని పక్కన నిలిచినవారిది. మంచి మార్పే, అయితే గందరగోళమూ ఇక్కడే పుడుతుంది. "మన్ను మన్నుకు" అనగానే అందరూ ఒకేసారి మన్ను, పూలు వేయడం మొదలుపెడతారు. ఆ చప్పుడులో వాక్యంలోని రెండో సగం మునిగిపోతుంది. నిత్యజీవార్థమైన పునరుత్థానాన్ని గూర్చిన నిశ్చయమైన నిరీక్షణ, ఆయన మన దీనశరీరాన్ని తన మహిమగల శరీరానికి సమరూపంగా మార్చుతాడన్న ఫిలిప్పీ 3:21 మాట, రెండూ ఆ సగంలోనే ఉన్నాయి. పొడిగా, మెత్తగా ఉన్న మన్ను ముందే ఒక పళ్లెంలో పెట్టి, ఒక్కరికే అప్పగించండి. మన్ను, బూడిద, ధూళి అనే మూడు మాటలకు మూడు పిడికిళ్లు. మిగతావారు ప్రార్థనలన్నీ అయ్యాక వేస్తారు. తడి గడ్డలు పేటిక మీద పడే శబ్దం పిల్లల్ని భయపెడుతుంది, వాడకండి.

లోపాలు లేకపోలేదు. క్రమంలో చనిపోయినవారి పేరు ఎక్కడా రాదు, "మన ప్రియ సహోదరుడు" అంతే. అక్కడ పేరు చేర్చి పలకడం మేలు. చివరి ప్రార్థనల్లో మొదటిది విశ్వాసుల ఆత్మలు శరీరభారం నుంచి విడుదల పొందాయని అంటుంది. అక్కడే ఆగితే శరీరం శత్రువులా వినిపిస్తుంది. అదే ప్రార్థన చివర "శరీరమందును ఆత్మయందును" పరిపూర్ణత అడుగుతుంది కాబట్టి సగంలో ఆపకూడదు. అయితే అదే ప్రార్థనలో, ఈ లోకశ్రమల నుంచి తప్పించినందుకు హృదయపూర్వక కృతజ్ఞత చెప్పే భాగం బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు మోయలేనంత బరువు. నా మాటైతే అలాంటి చోట మొదటి ప్రార్థన మొత్తం వదిలేసి రెండో ప్రార్థనకు వెళ్లండి. బాప్తిస్మం పొందనివారికి, వెలివేయబడినవారికి, ఆత్మహత్య చేసుకున్నవారికి ఈ క్రమం వాడకూడదన్న నిబంధన మొదట్లోనే ఉంది. ఆదరణ అత్యంత అవసరమైన ఇంటి దగ్గరే తలుపు మూసే నిబంధన అది. దాన్ని సమర్థించడం నాకు సాధ్యం కాదు.

సమాధే లేనివారి సంగతి? అదే పుస్తకంలో ఓడలో చనిపోయినవారి కోసం అప్పగింపు మాటలు వేరుగా ఉన్నాయి. శరీరాన్ని అగాధ జలాలకు అప్పగిస్తూ, సముద్రం తనలోని మృతులను తిరిగి ఇచ్చే దినాన శరీర పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నామని చెబుతాయి. శరీరం దొరకని కుటుంబాలతో ప్రార్థించేటప్పుడు ఆ వాక్యాన్ని వాడండి.