డ్రాఫ్ట్ లేఅవుటా, ఎల్‌ఆర్‌ఎస్ ప్లాటా?

ఘట్‌కేసర్ వైపు 200 గజాలు కొందామని మా బావ రెండు ప్లాట్లు చూపించాడు. ఒకటి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) డ్రాఫ్ట్ అనుమతి, అంటే తాత్కాలిక అనుమతి ఉన్న చిన్న లేఅవుట్, రెండోది పాత పంచాయతీ లేఅవుట్‌లోది, 2020లో వెయ్యి రూపాయలు కట్టి ఎల్‌ఆర్‌ఎస్‌కి (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) అప్లై చేసి వదిలేసింది.

మొదటిదాని రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ పార్కుకీ ఖాళీ జాగాకీ పది శాతం స్థలం ముందే పక్కన పెట్టాలి, రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు హెచ్‌ఎండీఏకి తనఖాలో ఉంటాయి, అవి అయ్యాకే ఫైనల్ అనుమతి. ఆ తనఖా నంబర్లు డ్రాఫ్ట్ ప్లాన్ మీదే ఉంటాయి. మాకు బాగా తగ్గించి ఇస్తానన్న 17 నంబరు సరిగ్గా అందులోనే తేలింది! బ్రోకర్ మాత్రం నోరు మెదపలేదు.

రెండోది చవకే, కాకపోతే లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదల్లేదు కాబట్టి క్రమబద్ధీకరణ ఫీజు మీద ప్లాటు విలువలో 14 శాతం అదనం. పక్కనే చెరువుంది, ఎఫ్‌టీఎల్‌లోకి, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దులోకి వస్తే ఎంత కట్టినా రెగ్యులరైజ్ చేయరు.

నా ఓటు మొదటిదానికే, తనఖాలో లేని నంబరైతేనే. బావకింకా ఆ చవక ప్లాటు మీదే మనసు.