‘చరిత్రలో ఈరోజు’ ఎక్కడ చూడాలి? ఏప్రిల్ 23 ఇచ్చి పెట్టిన పరీక్ష

బడి బోర్డు మీద రాయడానికి, రేడియో కార్యక్రమానికి, క్విజ్‌కి, సోషల్ మీడియా పేజీకి ‘చరిత్రలో ఈరోజు’ కావాల్సినవాళ్లు చాలామంది. ఉచితంగా దొరికే చోట్లకూ కొదవ లేదు, కొరత నమ్మకానికే. అందుకని ఈ సమీక్షలో ఎవరి దగ్గర ఎన్ని అంశాలున్నాయన్నది లెక్కపెట్టలేదు. ఒక తేదీ పక్కన ఒక సంఘటన పెట్టినప్పుడు అది ఏ క్యాలెండర్ తేదీ, ఏ ఊరి గడియారం, దేనికి సంబంధించిన తేదీ (పుట్టుకా, బాప్తిజమా, మరణమా, ఖననమా, ప్రకటనా, విడుదలా) అన్నది చెబుతున్నారా లేదా అని మాత్రమే చూశాం.

పరీక్షకు మామూలు తేదీ పనికిరాదు, చిక్కులున్నది కావాలి. ఏప్రిల్ 23 అలాంటిదే. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటిస్, రష్యన్ సంగీతకర్త ప్రొకోఫియెవ్, సోవియట్ వ్యోమనౌక సోయుజ్ 1, కోకకోలా వారి న్యూ కోక్, యూట్యూబ్ తొలి వీడియో, 1930 పెషావర్ కిస్సా ఖ్వానీ బజార్ కాల్పులు, 1992లో సత్యజిత్ రే మరణం, 1938లో ఎస్. జానకి పుట్టుక, 2007లో రష్యా మాజీ అధ్యక్షుడు యెల్త్సిన్ మరణం, అన్నీ ఈ ఒక్క తేదీ కింద కనిపిస్తాయి. వీటిలో చివరి నాలుగింటితో పేచీ లేదు, ఎవరైనా సరిగ్గానే ఇస్తారు. అసలు పరీక్ష మిగతావాటితోనే.

ముందు షేక్‌స్పియర్, సెర్వాంటిస్ సంగతి. ‘ఇద్దరు మహా రచయితలు ఒకేరోజు కన్నుమూశారు’ అన్న వాక్యం ఎక్కడ కనబడినా ఆ సేవకు మార్కులు కోసేయొచ్చు. షేక్‌స్పియర్ చనిపోయింది 1616 ఏప్రిల్ 23నే, కాకపోతే అది జూలియన్ (పాత) క్యాలెండర్ ప్రకారం. ఇంగ్లండ్ 1752 దాకా పాత లెక్కలోనే ఉంది. స్పెయిన్ 1582లోనే గ్రెగోరియన్‌కు, అంటే ఇప్పుడు మనం వాడే కొత్త లెక్కకు, మారిపోయింది. అప్పటికి తేడా పది రోజులు కాబట్టి షేక్‌స్పియర్ మరణం కొత్త లెక్కలో మే 3 అవుతుంది. పైగా సెర్వాంటిస్ ప్రాణం పోయింది 22న, 23న జరిగింది ఖననం. అంటే రెండు వైపులా తేదీ జారింది. ఇక షేక్‌స్పియర్ పుట్టింది కూడా ఏప్రిల్ 23నే అనేది సంప్రదాయంగా వస్తున్న మాటే. రికార్డులో ఉన్నది 1564 ఏప్రిల్ 26న జరిగిన బాప్తిజం. యునెస్కో 1995లో ఏప్రిల్ 23ను ప్రపంచ పుస్తక, కాపీరైట్ దినోత్సవంగా ప్రకటించిందన్నది మాత్రం నిక్కచ్చి. రాసేవాళ్లు దాన్ని ముందు పెట్టి, ‘షేక్‌స్పియర్ వర్ధంతి (పాత క్యాలెండర్)’ అని పక్కన చేరిస్తే ఏ పేచీ ఉండదు.

ప్రొకోఫియెవ్‌ది మరో రకం. తాను 1891లో ఏప్రిల్ 11న, అంటే కొత్త లెక్కలో 23న పుట్టానని ఆయనే నమ్మాడు. ఆయన పోయాక బయటపడ్డ జనన పత్రంలో ఏప్రిల్ 15, అంటే కొత్త లెక్కలో 27 అని ఉంది. పాత పుస్తకాల నుంచి ఎత్తిరాసిన జాబితాల్లో ఆయన ఇంకా 23నే పుడుతూ ఉంటాడు. ఒక జాబితా వయసెంతో పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. (మరణంలోనూ ఆయనకు తేదీ కలిసిరాలేదు. 1953 మార్చి 5న, స్టాలిన్ పోయిన రోజే పోయాడు.)

ఇప్పుడు సేవల సంగతి.

తెలుగు వికీపీడియాలో ప్రతి తేదీకీ ఒక పేజీ ఉంది. ‘ఏప్రిల్ 23’ అని వెతికితే నేరుగా దొరుకుతుంది. మొదట అది సంవత్సరంలో 113వ రోజనీ, ఇంకా 252 రోజులు మిగిలాయనీ ఉంటుంది. ఆ తర్వాత సంఘటనలు, జననాలు, మరణాలు, పండుగలు, జాతీయ దినాలు వరుసగా వస్తాయి. మొదటి పేజీలో ‘చరిత్రలో ఈ రోజు’ పెట్టె వేరే ఉంది. తెలుగు సినిమా, సాహిత్యం, రాజకీయాలకు సంబంధించిన పేర్లు ఇంత సులువుగా మరోచోట దొరకవు. లోపం ఏమిటంటే చాలా పంక్తులకు పక్కన మూలం ఉండదు. కాబట్టి ఆ పంక్తిని ఉన్నదున్నట్టు ఎత్తుకోకుండా, పేరు మీద నొక్కి అసలు వ్యాసంలో అదే తేదీ ఉందో లేదో చూడాలి. రెండుచోట్లా తేదీ వేరైతే వ్యాసంలో మూలం ఉన్నదాన్నే తీసుకోవాలి. రెండింటికీ మూలం లేకపోతే ఆ పేరు వదిలేయడమే మేలు.

ఈ పేజీలో చాలామంది వాడని సౌకర్యం ఒకటుంది, ‘ఇక్కడికి లింకున్న పేజీలు’. తేదీ పేజీ తెరిచి పరికరాల జాబితాలో దాన్ని నొక్కితే, ఏయే వ్యాసాల్లో ఏప్రిల్ 23కు లింకు ఉందో అన్నీ వస్తాయి. తేదీ పేజీలోకి ఎవరూ చేర్చని నటులు, కవులు, సంగీత దర్శకులు అక్కడ దొరుకుతారు. ఒకే తేదీ మీద ఏటా కొత్త అంశం కావాల్సినవాళ్లకు ఇది నిధి. ఇంగ్లిష్ వికీపీడియాలో ఈ కిటుకు పారదు. అక్కడ వ్యాసాల్లోని తేదీలకు లింకులివ్వడం 2008 ప్రాంతంలోనే మానేశారు.

ఇంగ్లిష్ వికీపీడియా తేదీ పేజీ ఎక్కువ పొడవు, మూలాల విషయంలో ఎక్కువ పట్టింపు. మొదటి పేజీలోని పెట్టెతో దాన్ని కలిపి చూడకూడదు. ఆ పెట్టెలో వచ్చే కొద్ది అంశాలను ఎంచేది ప్రాముఖ్యం ఒక్కటే చూసి కాదు. సంబంధిత వ్యాసం బాగుందా, అంశాల్లో వైవిధ్యం ఉందా అన్నవి చూస్తారు, ఎంపిక ఏటా మారుస్తుంటారు. ‘ఇంత పెద్ద సంఘటన ఎందుకు పెట్టలేదు’ అని విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఇంకోటి, ఆ పెట్టె మారేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి. భారతదేశంలో అప్పటికి తెల్లవారి ఐదున్నర. పొద్దున్నే ఐదు గంటలకు తెరిస్తే కనిపించేది నిన్నటి పెట్టె. నేరుగా తేదీ పేజీకి వెళ్తే ఈ గొడవ ఉండదు.

గడియారం చిక్కు ఇంతటితో అయిపోలేదు. యూట్యూబ్ తొలి వీడియో, జావేద్ కరీం శాన్ డియాగో జూలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడిన 19 సెకన్ల ముక్క, అన్ని జాబితాల్లోనూ 2005 ఏప్రిల్ 23 కిందే ఉంది. అది కాలిఫోర్నియా సమయం. అక్కడ రాత్రి 8:31 అయితే యూటీసీలో అప్పటికే 24వ తేదీ తెల్లవారుజామున 3:31, భారత కాలమానంలో 24 ఉదయం 9:01. సోయుజ్ 1 దీనికి తలకిందులు. 1967 ఏప్రిల్ 23న మాస్కో సమయం తెల్లవారుజామున 3:35కి ఎగిరింది, న్యూయార్క్‌లో అప్పటికి ఇంకా 22 సాయంత్రమే. అందులో వెళ్లిన వ్లదిమిర్ కోమరోవ్ చనిపోయింది తిరిగి దిగుతున్నప్పుడు, 24న. ప్రయోగాన్నీ మరణాన్నీ ఒకే తేదీ కింద ఇరికించిన జాబితా ఏదైనా నమ్మదగ్గది కాదు.

ఇలాంటి వాటికి పాటించాల్సిన నియమం ఒకటే, సంఘటన జరిగిన చోటి తేదీ. మైకేల్ జాక్సన్ మరణం లాస్ ఏంజెలెస్‌లో 2009 జూన్ 25 మధ్యాహ్నం 2:26కి. భారతదేశంలో అప్పటికి 26 తెల్లవారుజాము దాదాపు మూడు. ఆనాటి భారతీయ వార్తల్ని పట్టుకుని వర్ధంతిని 26న పెట్టడం తప్పు. చంద్రుడి మీద మాత్రం ‘చోటి తేదీ’ అనేది లేదు కదా! అక్కడ యూటీసీ ఇవ్వడం పద్ధతి. అపోలో 11 దిగింది 1969 జూలై 20న 20:17కి, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది 21న 2:56కి. అమెరికా లెక్కలో రెండూ 20వ తేదీ కిందికే వస్తాయి. ఏ లెక్క వాడినా తప్పు కాదు, ఏదో చెప్పకపోవడమే తప్పు.

బ్రిటానికా వారి రోజువారీ పేజీ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అంశాలు తక్కువ, రాత శుభ్రం, వివరం కావాలంటే పెద్ద వ్యాసానికి దారి ఉంటుంది. తెలుగు పేర్లు ఆశించొద్దు. బీబీసీ వారి పాత ‘ఆన్ దిస్ డే’ భాండాగారం మాత్రం ముచ్చటైనది. 1950 నుంచి 2005 వరకే, కొత్తవి చేరవు. సంఘటనను ఆనాటి వార్తలాగే రాసి, ఆ తర్వాత ఏం జరిగిందో వేరే పెట్టెలో చెబుతారు. అదే దాని విలువ. 1985 ఏప్రిల్ 23న కోకకోలా కంపెనీ పాత రుచి మార్చి ‘న్యూ కోక్’ ప్రకటించింది. జనం గగ్గోలు పెడితే 79 రోజులకు, జూలై 11న, పాత రుచిని ‘క్లాసిక్’ పేరుతో తెచ్చింది. మొదటి తేదీ చెప్పి రెండోది వదిలేస్తే కథ సగమే. మిగతా జాబితాలు చాలావరకు ఆ సగం దగ్గరే ఆగుతాయి.

సినిమా, సంగీతం వాళ్ల పుట్టినరోజులకు ఫేమస్ బర్త్‌డేస్, ఐఎండీబీ (సినిమా సమాచార సైటు) వాడేవాళ్లు ఎక్కువ. మొదటిది జనాదరణను బట్టి వరుస కడుతుంది కాబట్టి ఇన్‌ఫ్లుయెన్సర్లు పైన, చరిత్ర కింద. ఐఎండీబీలో పుట్టినరోజును బట్టి వెతకొచ్చు. సినిమా విడుదల తేదీ దగ్గర మాత్రం ఏ సేవలోనైనా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ‘టైటానిక్’ తొలి ప్రదర్శన 1997 నవంబర్ 1న టోక్యో చిత్రోత్సవంలో, అమెరికా విడుదల డిసెంబర్ 19న. ‘విడుదలైన రోజు’ అంటే రెండోదే.

కొంచెం సాంకేతికం తెలిసినవాళ్లకు వికీడేటా (వికీపీడియాకు తోడుగా ఉన్న సమాచార నిధి) అన్నిటికంటే శక్తిమంతం, అన్నిటికంటే ప్రమాదకరం కూడా. పుట్టిన తేదీ లక్షణం పీ569, మరణానికి పీ570. నెల, రోజు ఇచ్చి క్వెరీ (ఆ నిధిని అడిగే ప్రశ్న) రాస్తే జాబితా తయారు. ఇక్కడ మూడు చోట్ల జారిపడతారు. ఒకటి, క్వెరీకి 60 సెకన్ల గడువే ఉంది. ప్రపంచంలోని మనుషులందర్నీ అడిగితే గడువు దాటి ఆగిపోతుంది. వృత్తినో దేశాన్నో సంవత్సరాల పరిధినో ఇచ్చి ముందే కుదించాలి. రెండు, సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్ల తేదీ క్వెరీ ఫలితంలో జనవరి 1గా వస్తుంది. ఆ రోజు చేసిన జాబితా చూస్తే లోకంలో సగం మంది జనవరి 1నే పుట్టారనిపిస్తుంది. తేదీతోపాటు దాని కచ్చితత్వం విలువను కూడా అడిగి, 11 ఉన్నవే ఉంచాలి. 11 అంటే రోజు దాకా తెలుసు, 10 అంటే నెల, 9 అంటే సంవత్సరం. మూడు, జూలియన్‌గా నమోదైన తేదీని క్వెరీ గ్రెగోరియన్‌కు మార్చి ఇస్తుంది. అందుకే వ్యాసంలో ఒక తేదీ, క్వెరీలో పది రోజుల తర్వాతి తేదీ కనిపిస్తాయి. రెండూ ఒకే రోజు, తప్పు ఎక్కడా లేదు.

యాప్ లేదా బాట్ కట్టేవాళ్లకు, వికీపీడియాను నడిపే వికీమీడియా వారి ఫీడ్ (ప్రోగ్రాములు నేరుగా తీసుకోగల సమాచారం) ఉంది. ఎంపిక చేసినవి, జననాలు, మరణాలు, సంఘటనలు, పండుగలు వేర్వేరుగానైనా, అన్నీ కలిపైనా ఇస్తుంది. నెల, తేదీ రెండంకెల్లో ఇవ్వాలి (04, 23). అన్ని భాషలకూ ఇది లేదు కాబట్టి ఇంగ్లిష్‌లో తీసుకుని తెలుగు వ్యాసానికి భాషా లింకు ద్వారా వెళ్లాలి. యంత్రానువాదం పెట్టి నేరుగా ప్రచురిస్తే పేర్లు పాడవుతాయి.

ఉచిత క్విజ్ యాప్‌లు, వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లు, సంభాషణ బాట్‌లు, వీటిని విడివిడిగా సమీక్షించడం దండగ. మూలం చూపనిదేదైనా ఒకటే కోవ. ఇవి పాత పొరపాట్లను పదిలంగా కాపాడుతుంటాయి. ‘గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు’ అన్నది అందులో మకుటం లేని మహారాజు. న్యూటన్ పుట్టిన 1642 డిసెంబర్ 25 ఇంగ్లండ్ పాత లెక్క. గెలీలియో మరణం 1642 జనవరి 8, ఇటలీ కొత్త లెక్క. రెండూ ఒకే క్యాలెండర్‌లోకి తెస్తే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న.

లెక్క మార్చుకోవడానికి గుర్తుంచుకోవాల్సినవి ఇవే. జూలియన్ తేదీకి 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు కలపాలి, ఆ తర్వాత 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, అక్కణ్నుంచి 13. స్పెయిన్, పోర్చుగల్ 1582లో, బ్రిటన్ 1752లో, రష్యా 1918లో, గ్రీస్ 1923లో మారాయి. రష్యా ‘అక్టోబర్ విప్లవం’ వార్షికోత్సవం నవంబర్ 7న వచ్చేది అందుకే. బ్రిటన్‌లో పాత సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలకు సంవత్సరం కూడా మారొచ్చు. జార్జి వాషింగ్టన్ పుట్టిన 1731 ఫిబ్రవరి 11 కాస్తా 1732 ఫిబ్రవరి 22 అయింది ఇలాగే. క్రీస్తుపూర్వం తేదీలకు వార్షికోత్సవం లెక్కించేటప్పుడు సున్నా సంవత్సరం లేదని మరిచిపోకూడదు. సీజర్ హత్య క్రీ.పూ. 44 మార్చి 15న జరిగింది, దానికి రెండు వేల ఏళ్లు నిండింది 1956లో కాదు, 1957లో.

రోజుకు మూడు అంశాలు చాలనుకునేవాళ్లకు తెలుగు వికీ తేదీ పేజీ, పక్కన ఇంగ్లిష్ తేదీ పేజీ తెరిస్తే పది నిమిషాల పని. 1752కు ముందరి ఇంగ్లండ్ అంశం, 1918కి ముందరి రష్యా అంశం ఎత్తుకుంటే మాత్రం మరో ఐదు నిమిషాలు కేటాయించి వ్యాసంలో ‘పాత పద్ధతి’ అన్న సూచన ఉందేమో చూడండి. అర్ధరాత్రికి అటూ ఇటూ జరిగినవాటికి గంట, ఊరు కూడా రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది అదే తేదీకి మళ్లీ వెతుక్కునే పని తప్పుతుంది.