పోస్ట్‌హ్యూమన్ గేమ్ సెట్టింగ్ కొనే ముందు ఇది చదవండి, నాలాగా డబ్బు పోగొట్టుకోకండి

రోల్‌ప్లేయింగ్ గేమ్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ ఆడే ఆటలు) నడిపేవాళ్లు, ముఖ్యంగా ఈసారి సైన్స్ ఫిక్షన్ ఆడదామని మంచి సెట్టింగ్ (కథ జరిగే ప్రపంచం) కోసం వెతుకుతున్నవాళ్లు, డబ్బు కట్టే ముందు కాస్త ఆగండి. 3 నెలల కింద నేనొక పోస్ట్‌హ్యూమన్ సెట్టింగ్ పీడీఎఫ్ కొన్నాను, దాదాపు 300 పేజీలు. మనుషులు మనసును కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని చొక్కాలు మార్చినట్టు శరీరాలు మార్చుకునే ప్రపంచం, అంతా సిద్ధంగా ఉంది, జీఎం (ఆట నడిపే గేమ్ మాస్టర్) కూర్చుని నడపడమే అని ప్రకటనలో రాశారు. అమ్మినవాళ్ల పేరు చెప్పను. పేరు కన్నా ఆ లోపం ఎలాంటిదో తెలియడం ముఖ్యం, ఎందుకంటే అది పైకి కనిపించదు, ఆట మొదలయ్యాకే బయటపడుతుంది.

బొమ్మలు నిజంగా బావున్నాయి, అది కాదనను. శరీరాల అధ్యాయమే 80 పేజీలుంది. గాలి లేని చోట పనిచేసేది ఒకటి, బృహస్పతి చందమామ యూరోపా మంచు కింద సముద్రంలో ఈదేది ఒకటి, గుంపుగా ఎగిరే చిన్న యంత్రాలన్నీ కలిపి ఒకే మనిషి అయ్యేది ఇంకొకటి. మా టేబుల్‌లో నలుగురు ప్లేయర్లు 2 వారాలు ఇష్టంగా కూర్చుని క్యారెక్టర్లు చేసుకున్నారు. వాళ్ల ఉత్సాహం చూశాక నాకూ నమ్మకం కలిగింది.

మొదటి సెషన్ సగంలో, కథలో క్యారెక్టర్లున్న అంతరిక్ష స్టేషన్‌కి రంధ్రం పడింది. ఒక ప్లేయర్ తన క్యారెక్టర్ బయటే ఉండిపోయి తలుపు మూస్తాడని, మిగతా ముగ్గురూ బతుకుతారని చెప్పాడు. ఎవరూ మాట్లాడలేదు, ఒకమ్మాయి చేతిలో పాచికలు అలాగే పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ అమ్మాయే, "బ్యాకప్ ఉందిగా, ఎప్పుడు లేస్తాడు?" అని అడిగింది. బ్యాకప్ అంటే ముందే దాచిపెట్టిన మనసు కాపీ, చనిపోతే దాన్ని కొత్త శరీరంలోకి ఎక్కిస్తారు. నేను పీడీఎఫ్‌లో 'బ్యాకప్' అని వెతికాను. 61 చోట్ల ఉంది. వాళ్లందరూ నా వైపే చూస్తుంటే ఒక్కొక్కటీ తెరిచి చూశాను, అన్నీ మధ్యమధ్యలో పెట్టిన చిన్న కథల్లోనే ఉన్నాయి, రూల్ అన్నది ఒక్కటీ లేదు. ఎన్ని రోజులకొకసారి తీస్తారు, తిరిగి లేవడానికి ఎంతసేపు పడుతుంది, ఎవరు డబ్బు పెట్టుకోవాలి, చివరి గంట గుర్తుంటుందా లేదా, ఏమీ లేదు. ఏం చెప్పాలో తోచక "వెంటనే లేస్తాడు" అనేశాను. తలుపు మూసిన ప్లేయర్ మెల్లగా, "అయితే నేను చేసిందానికి అర్థం లేదన్నమాట" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ బాధగానే ఉంది. తర్వాతి సెషన్‌లో ఇంకొకరు, "అలాగైతే నేను 12 కాపీలు చేసుకుని అన్ని చోట్లకీ ఒకేసారి వెళ్తా" అన్నారు. వద్దనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

మనిషిని దాటిపోయిన మనుషుల గురించి ప్రపంచం కట్టేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది కొత్తగా ఏమొచ్చిందన్నది కాదు, ఇంకా ఏం పోగొట్టుకోగలరన్నది. చావు పోయింది, రోగం పోయింది, ఆకలి పోయింది, మరి క్యారెక్టర్ దేనికి భయపడాలి, దేనికోసం త్యాగం చేయాలి? దీనికి జవాబు లేకపోతే ఆ 80 పేజీల శరీరాలూ అలంకారమే.

దూరాల సంగతి ఇంకా అన్యాయం. పుస్తకంతో ఇచ్చిన కథలో క్లైమాక్స్ ఏంటంటే, భూమి మీదున్న క్యారెక్టర్లు బృహస్పతి దగ్గరున్న తిరుగుబాటు నాయకుడితో ముఖాముఖి వాదించి ఒప్పించాలి. వెలుగు భూమి నుంచి బృహస్పతికి చేరడానికే 33 నుంచి 54 నిమిషాలు పడుతుంది. ఒక మాట అని జవాబు వినడానికి గంటకు పైనే. అంగారకుడికైనా దూరాన్ని బట్టి ఒకవైపుకే 3 నుంచి 22 నిమిషాలు. అందుకే ఇలాంటి ప్రపంచంలో దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే నీ కాపీనే అక్కడికి పంపాల్సి వస్తుంది, అది నీకు తెలియకుండా నీ తరఫున మాట ఇచ్చి రావచ్చు. ఎంత గొప్ప కథ అది! చేతికి అందేంత దగ్గర్లో పెట్టుకుని వదిలేశారు.

ఇంకొకటి చూడండి. ఆ పుస్తకం ప్రకారమే ఒక మనసు సైజు 1 పెటాబైట్ (10 లక్షల గిగాబైట్లు), బయటి స్టేషన్ల లింకు సెకనుకు 1 గిగాబిట్. కాగితం మీద లెక్క వేశాను, 92 రోజులు దాటుతుంది. అంటే బ్యాకప్ వేరే చోట ఉంటే చనిపోయిన మనిషి తిరిగి రావడానికి 3 నెలలు! మాకు కావాల్సిన రూల్ వాళ్ల అంకెల్లోనే ఉంది, రాసినవాళ్లు మాత్రం ఆ రెండింటినీ ఒక్కసారి కూడా కలిపి చూసుకోలేదు.

అమ్మినవాళ్లకి ఇవన్నీ వివరంగా రాశాను. "ఇది సైన్స్ ఫిక్షన్, మీ ఊహకే వదిలేశాం" అని జవాబొచ్చింది. ఊహకి వదిలేసేది అయితే 'అంతా సిద్ధం' అని ఎందుకు అమ్మాలి? ఫైల్ డౌన్‌లోడ్ అయిపోయింది కాబట్టి రీఫండ్ కుదరదన్నారు. ఆ షరతు కొనే పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూసుకోలేదు, మీరు చూసుకోండి.

ఇలాంటి రూల్స్ రాయడం అసాధ్యమేమీ కాదు. 2009లో వచ్చిన 'ఎక్లిప్స్ ఫేజ్' అనే ఇలాంటి రోల్‌ప్లేయింగ్ గేమ్ మొదటి ఎడిషన్‌లో మనసు వేరు, శరీరం వేరు. కొత్త ఒంట్లో లేచినవాడు దానికి అలవాటు పడ్డాడా అని ఒక పరీక్ష, ఈ ముఖం నాది కాదన్న పరాయితనానికి ఒకటి, బ్యాకప్‌కీ చావుకీ మధ్య పోయిన కాలాన్ని మనసు తట్టుకుందా అని మరొకటి ఉంటాయి. పైగా అది క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వచ్చింది, వ్యాపారానికి కాకపోతే ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చు. నేను ముందు అది చదివి ఉంటే దీనికి డబ్బు పెట్టేవాణ్ణి కాదు.

కొనాలనిపిస్తే శాంపిల్ పేజీలు అడగండి, బొమ్మలున్నవి కాదు. చనిపోతే ఏమవుతుందో చెప్పే పేజీ, ఒకే మనిషి ఇద్దరైతే ఆస్తి ఎవరిది, నేరం ఎవరిది, ప్లేయర్ ఎవర్ని ఆడాలి అని చెప్పే పేజీ. విషయసూచిక చూపించినా చాలు, ఆ మాటలు అందులో ఉంటాయి లేదా ఉండవు, తెలిసిపోతుంది. ఇప్పుడు వాళ్లే రెండో భాగానికి ముందస్తు డబ్బులు తీసుకుంటున్నారు, ప్రకటనలో మళ్లీ 40 కొత్త శరీరాలని రాశారు. పై పేజీలు రెండూ చూపించేదాకా డబ్బు కట్టకండి.